ఇంటికి ముందు నేల

ఇల్లు కట్టదలచినవాడు మొదట స్థలము కొనును. తరువాత పటము గీయించును. పిదప మేస్త్రీని పిలుచును. స్థలము కొనుటకును, పటము గీయించుటకును నడుమ చేయవలసిన పని మరియొకటి కలదు. అది నేలను చదువుట. వాన కురిసినపుడు నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నది? వేసవిలో ఏ గోడపై ఎంతసేపు ఎండ పడును? గాలి ఏ దిక్కునుండి వీచును? మూడడుగుల లోతున ఉన్నది మన్నా, మొరమా, రాయా? ఇదివరకే ఉన్న చెట్టును నిలుపుకొనుటకు వీలగునా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మటనే గదులను గురించి ఆలోచింపవలెను.

నేడు 'హరిత భవనము' అను మాట తరచుగా వినబడుచున్నది. ప్రకృతి వనరులను పొదుపుగా వాడుకొని, పరిసరములకు హాని తక్కువగా చేయు కట్టడమునకు ఈ పేరు పెట్టిరి. సౌరఫలకలు, వేడిని ఆపు అద్దములు, తక్కువ విద్యుత్తు తీసికొను దీపములు దీనికి అంగములే. కాని వీనిని ఎప్పుడైనను కొని అమర్చుకొనవచ్చును. ఇల్లు నిలిచిన తరువాత దానిని మరియొక దిక్కునకు త్రిప్పుటకు వీలులేదు; గోడల క్రింద పూడిపోయిన కాలువను మరల త్రవ్వుటకును వీలులేదు. అందువలననే హరిత భవనములకు యోగ్యతాపత్రము లిచ్చు పద్ధతులలో అనేకములు స్థల ప్రణాళికకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించినవి.

హైదరాబాదు నగరమున రాంనగర్, చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతములను ఉదాహరణముగా తీసికొందము. ఒకప్పుడు ఇక్కడ పెరడు, చేదబావి, వేపచెట్టు గల చిన్న ఇండ్లు ఉండెడివి. అట్టి స్థలములలోనే నేడు నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు లేచినవి. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల శిక్షణకై వచ్చిన విద్యార్థులతో వసతిగృహములు క్రిక్కిరిసి యున్నవి. నేల పెరుగలేదు, దానిపై నివసించువారు మాత్రము అనేక రెట్లు పెరిగిరి. ఇందుచేత ఒక వింత పరిస్థితి ఏర్పడినది. వానకాలమున లోతట్టు వీధులలో నీరు గడప దాటి ఇంటిలోనికి వచ్చును. వేసవి వచ్చుసరికి ఆ వీధిలోనే బోరు ఎండిపోయి, నీటి ట్యాంకరుకై ఎదురుచూడవలసి వచ్చును. ఒకే నేలకు ఒక ఋతువున నీరు భారమగుట, మరియొక ఋతువున కరవగుట ఎట్లు సంభవించును?

పేర్లలోని భూపటము

ఈ ప్రాంతపు నైజము తెలిసికొనుటకు గొప్ప పరికరము లేవియు అక్కరలేదు. ఊరి పేర్లను వినిన చాలును. రాంనగర్ చుట్టుప్రక్కల నల్లకుంట, నాగమయ్యకుంట, బతుకమ్మకుంట అను పేర్లు కలవు. కుంట యనగా చిన్న చెరువు. ప్రక్కనే బాగ్‌లింగంపల్లి కలదు. బాగ్ యనగా తోట. నీరు ఎక్కడ నిలిచెడిదో, పచ్చదనము ఎక్కడ ఉండెడిదో పూర్వులు పేర్లతోనే వ్రాసి పెట్టిరి. నీరు పోయినను పేరు నిలిచినది. కాని పెద్ద వాన కురిసిన నాడు నీరు తన పాత చిరునామాను వెదకికొనుచు వచ్చును.

పైగా ఈ నేలకు వాలు కలదు. ముషీరాబాదు మెట్టనుండి దక్షిణమునకు, ఆగ్నేయమునకు నేల క్రమముగా దిగుచు మూసీ నదివైపు పోవుచున్నది. పడమట 16వ శతాబ్దమున, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున నిర్మింపబడిన హుస్సేన్‌సాగర్ కలదు. దాని పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు సుమారు 513 మీటర్ల ఎత్తున నున్నది. కట్టకు దిగువనున్న కాలనీలు ఆ నీటిమట్టముకంటె పల్లమున ఉన్నవి. చెరువు నిండినపుడు అలుగు దాటిన నీరు నాలాగా బయలుదేరి అశోక్‌నగర్, నల్లకుంటల మీదుగా పోయి మూసీలో కలియుచున్నది. ఈ పెద్ద నాలాకు, కుంటలకు నీటిని చేర్చుటకు పూర్వము అనేకములైన చిన్న కాలువలు ఉండెడివి. వానిలో కొన్ని వీధులైనవి. కొన్ని గోడల క్రిందికి పోయినవి.

దీని ఫలితము రెండు సందర్భములలో స్పష్టముగా కనబడినది. 2000 ఆగస్టు 24న నగరమున ఒక్క దినమున సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసెను. హైదరాబాదులో సాలునకు సగటున కురియు వాన 80 సెంటీమీటర్లకు అటునిటుగా ఉండును. అనగా ఏడాది వానలో దాదాపు మూడు పదవ వంతులు ఒక్కనాడే పడినదన్నమాట. హుస్సేన్‌సాగర్ నాలాకు ఇరువైపుల నున్న లోతట్టు కాలనీలు నీట మునిగినవి. మరల 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరమున సుమారు 19 సెంటీమీటర్ల వాన పడగా, అనేక కాలనీలు రోజుల తరబడి నీటిలో నుండినవి. ఇంతటి వానలు అరుదే. కాని చిన్న వానకు సైతము వీధులు కాలువలగుట అరుదు కాదు. దానికి కారణము వానలో కంటె నేలపై మనము పరచిన పొరలో ఉన్నది.

గజము నేలలో ఎంత నీరు?

ఒక చిన్న లెక్క వేయుదము. 240 చదరపు గజముల స్థలము సుమారు 200 చదరపు మీటర్లగును. దానిపై ఒక సెంటీమీటరు వాన పడినచో అది 2,000 లీటర్ల నీరు. ఏడాది పొడుగున పడు 80 సెంటీమీటర్ల వాన 1,60,000 లీటర్లు. అనగా 5,000 లీటర్ల ట్యాంకర్లు 32 ఆ ఇంటిపై ఉచితముగా కుమ్మరింపబడుచున్నవి. మామూలుగా ఆ నీటిని వీధిలోనికి పంపివేసి, వేసవిలో ట్యాంకరునకు రుసుము చెల్లించుచున్నారు.

వాననీటిలో కొంత నేలలోనికి ఇంకును, కొంత ఆవిరియగును, తక్కినది పారును. చెట్టుచేమలు గల మట్టినేలపై మామూలు వానలో పారు భాగము మూడవవంతునకు మించదని అనుకొనవచ్చును. సిమెంటుపైనను, తారుపైనను పదింట తొమ్మిది పాళ్లు పారిపోవును.

ఇప్పుడు ఆ 200 చదరపు మీటర్లలో ఇల్లు 120 మీటర్లు ఆక్రమించినదనుకొందము. మిగిలిన 80 మీటర్లను కూడ సిమెంటుతో కప్పినచో, గంటలో 2 సెంటీమీటర్ల వాన కురిసినపుడు మొత్తము 4,000 లీటర్లలో 3,600 లీటర్లు గేటు దాటి వీధిలోనికి పోవును. అట్లుగాక ఆ 80 మీటర్లను తెరపిగా ఉంచి, మొక్కలు పెంచి, నడచు చోట మాత్రము సందులు గల రాళ్లు పరచి, మిద్దెపై నీటిని గొట్టము ద్వారా ఇంకుడు గుంతలోనికి దింపినచో ఏమగును? మిద్దెనుండి వచ్చు 2,160 లీటర్లలో 2,000 లీటర్లు గుంతలో నిలిచినను, మిగిలినది 160. తెరపి నేలపై పడిన 1,600 లీటర్లలో మూడు పదవ వంతులు పారినను, అది 480. మొత్తము వీధిలోనికి పోవునది 640 లీటర్లు మాత్రమే. ఇది మొదటి దానిలో అయిదవ వంతుకూడ కాదు.

ఒక వీధిలో ఇట్టి ఇండ్లు నూరు ఉన్నవనుకొనుడు. మొదటి పద్ధతిలో గంటలో 72 ట్యాంకర్ల నీరు వీధి చివరనున్న నాలాకు చేరును. రెండవ పద్ధతిలో 13 ట్యాంకర్లు చేరును. నాలా మాత్రము ఒక్కటే. మరియొక విశేషము కూడ గమనింపవలెను. సిమెంటుపై నీరు వేగముగా పరుగెత్తును. ఎగువ వీధుల నీరు, దిగువ వీధుల నీరు ఒకే సమయమున వచ్చి చేరుటచే నాలా మీదికి పొంగును. మట్టినేల నీటిని తగ్గించుటయే గాక ఆలస్యము కూడ చేయును. వరద విషయమున అరగంట ఆలస్యము ఒక వీధిని కాపాడగలదు.

నీరు ఎక్కడికి ఇంకును?

ఇంకుడు గుంత త్రవ్వుటకు ముందు క్రిందనున్న పొరలను తెలిసికొనవలెను. హైదరాబాదు నగరము సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిలపై నిలిచియున్నది. పైన ఎఱ్ఱమన్ను, దాని క్రింద రాయి శిథిలమై ఏర్పడిన మొరము, ఆ క్రింద గట్టి రాయి ఉండును. గట్టి గ్రానైటులో నీరు నిలుచుటకు చోటు లేదు. మొరము పొరలోను, రాతిలోని నెఱియలలోను మాత్రమే నీరు నిలుచును. బోరు వేసినపుడు ఒక ఇంట నీరు పడి, ప్రక్క ఇంట పడకపోవుటకు కారణ మిదియే. నెఱియ తగిలినవానికి నీరు, తగలనివానికి దుమ్ము.

కావున ఇక్కడి భూగర్భజలము అడుగు లేని సముద్రము వంటిది కాదు. అది చిన్న చిన్న గిన్నెలలో దాచుకొన్న నీరు. పైన సిమెంటు మూత వేసి, ప్రతి ఇంట బోరు దింపినచో గిన్నె ఖాళీయగుట తప్పదు. వానకాలపు వరదకు, వేసవి కరవునకు మూలము ఒక్కటే యని ఇప్పుడు తేటపడును. ఇంకవలసిన నీరు పారినది. అందుచేత దిగువవాని ఇల్లు మునిగినది, ఎగువవాని బోరు ఎండినది.

ఇంకుడు గుంత నిర్మాణము సులభమే. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు గల గొయ్యి త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, నడుమ కంకర, పైన ఇసుక నింపవలెను. గొయ్యి ఘనపరిమాణము 6,000 లీటర్లు. రాళ్ల నడుమ సందులు అందులో మూడవవంతు. కావున ఒకమారు 2,000 లీటర్లు పట్టును. పై లెక్కలో చెప్పినది ఈ గుంతయే. పట్టిన నీరు మొరము పొరకు దిగుచుండగా గుంత మరల ఖాళీయగుచుండును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. గుంత పునాదికి ఆనుకొని ఉండరాదు. మురుగు గొట్టమునకు, సెప్టిక్ ట్యాంకునకు దగ్గరగా ఉండరాదు. ఏడాదిలో మొదటి వాన మిద్దెపైనున్న దుమ్మును, ఆకులను కడిగి తెచ్చును గనుక ఆ నీటిని విడిచివేయవలెను. ఇసుక పొర పూడిపోవును గనుక వానకాలమునకు ముందు దానిని తీసి కడుగవలెను. కొద్ది లోతుననే గట్టి రాయి తగిలినచోట గుంత వలన ఫలము తక్కువ. అక్కడ సంపులో నిలువచేసి వాడుకొనుటయే మేలు. పట్టాకై త్రవ్వి, తరువాత కసవుతో నిండిన గుంతలు నేలకును, బోరుకును ఏమాత్రము ఉపకరింపవు. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము వాననీటి సేకరణను చట్టపరిధిలోనికి తెచ్చినది. గుంతను ఏటేట శుభ్రపరచుట మాత్రము ఇంటివారి పని.

ఎండ, గాలి, దిక్కులు

నీటి తరువాత ఎండను చూడవలెను. హైదరాబాదు ఉత్తర అక్షాంశము 17 డిగ్రీల 23 నిమిషములకు దగ్గరగా నున్నది. మే నెల 9వ తేదీ ప్రాంతమున, మరల ఆగస్టు మొదటి వారమున మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తిన ఉండును. ఆ దినములలో నిలువుకఱ్ఱకు నీడయే ఉండదు. డిసెంబరు నెలాఖరున మధ్యాహ్న సూర్యుడు దక్షిణపు క్షితిజమునకు 49 డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును.

ఈ లెక్క గృహనిర్మాణమున ఎట్లు ఉపయోగపడునో చూడుడు. దక్షిణపు కిటికీపై రెండడుగుల సజ్జ వేసినచో, మార్చి 21న మధ్యాహ్నము దాని నీడ గోడపై ఆరడుగులకు మించి క్రిందికి దిగును. కిటికీ అంతయు నీడలో ఉండును. అదే సజ్జ డిసెంబరులో రెండడుగుల కొద్దిపాటి నీడనే ఇచ్చి, చలికాలపు ఎండను లోనికి రానిచ్చును. ఖర్చులేని యంత్ర మిది. తూర్పు, పడమటి గోడల సంగతి వేరు. అక్కడ సూర్యుడు వాలుగా వచ్చును గనుక సజ్జ పనిచేయదు. వేసవి సాయంకాలము పడమటి గోడ త్రాగిన వేడి రాత్రి పడకగదిలోనికి దిగును. కావున వీలైనంతవరకు ఇంటి పొడవు గోడలు ఉత్తర దక్షిణములకు, కురుచ గోడలు తూర్పు పడమరలకు ఉండవలెను. వీధి అడ్డువచ్చి ఇది సాధ్యము కానిచో, మెట్లు, స్నానపుగదులు, సామానుగది పడమటివైపు ఉంచి, పడకగదులను కాపాడుకొనవచ్చును.

గాలి ఒక చిక్కు తెచ్చిపెట్టును. వానకాలమున చల్లగాలి పడమటినుండి, నైరృతినుండి వీచును. ఎండకు భయపడి పడమర మూసినచో గాలియు పోవును. దీనికి పరిష్కారము చెట్టు. పడమటివైపు కొంత దూరమున వేపగాని, కానుగగాని పెంచినచో దాని కొమ్మలు ఎండను అడ్డగించును. కొమ్మల క్రిందినుండి గాలి లోనికి వచ్చును. గోడ ఈ రెండు పనులను ఒకేమారు చేయజాలదు.

చెట్టు నీడనే గాక చల్లదనము కూడ ఇచ్చును. ఒక లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 580 కిలోకాలరీల వేడి కావలెను. ఒక పెద్ద చెట్టు దినమునకు 100 లీటర్ల నీటిని ఆకుల ద్వారా ఆవిరిగా విడుచుననుకొన్నచో, 58,000 కిలోకాలరీల వేడిని పరిసరములనుండి గ్రహించినట్లు లెక్క. ఇంత వేడిని తొలగించుటకు ఒకటిన్నర టన్నుల ఎయిర్ కండిషనరు దాదాపు పదమూడు గంటలు నడువవలెను. పైగా ఆ యంత్రము గదిలోని వేడిని తీసి, తన వేడిని కూడ కలిపి వీధిలోనికి వదలును. చెట్టు అట్లు చేయదు. ఇరుకు వీధులలో ప్రతి కిటికీకి ఒక యంత్రము వ్రేలాడుచుండగా రాత్రివేళ కూడ వీధి చల్లబడకపోవుటకు ఇది యొక కారణము. పగలు వేడిని త్రాగిన సిమెంటు, తారు రాత్రి దానిని విడుచుట మరియొక కారణము. మిద్దెపై తెల్లని సున్నపు పూత చాలభాగము ఎండను పరావర్తనము చేసి ఈ బాధను తగ్గించును. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో శీతల పైకప్పుల విధానమును ప్రకటించినది కూడ ఈ సూత్రముపైననే.

కొత్తగూడలోని ఉదాహరణము

ఇంతవరకు చెప్పిన సూత్రములను ఒకచోట అమలుపరచి చూపిన కట్టడము హైదరాబాదులోనే కలదు. నగరమునకు పడమట, హైటెక్ సిటీకి సమీపమున కొత్తగూడలో సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు ఉన్నది. సుమారు 20,000 చదరపు అడుగుల ఈ భవనమును శిల్పి కరణ్ గ్రోవర్ రూపొందించిరి. 2003లో దీనికి 'లీడ్' పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణి లభించినది. అమెరికా వెలుపల ఈ శ్రేణి పొందిన మొదటి భవన మిదియే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించిరి. 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలికి నేడు ఇదియే కేంద్రము.

భవనము వలయాకారముగా ఉండి, నడుమ ఆకాశమునకు తెరచిన ముంగిలి కలదు. పగటివేళ గదులకు వెలుతురు అక్కడినుండి వచ్చును. పైకప్పులో సగమునకు మించిన భాగముపై తోట పెంచిరి. లోనికి పోవు గాలిని ముందుగా చల్లబరచుటకు గాలిగోపురములు కట్టిరి. వాడిన నీటిని మొక్కల వేళ్ల నడుమ పారించి శుభ్రపరచి, తోటకు వాడుదురు. ఆవరణనుండి మురుగునీరు వెలుపలికి పోదు. వాహనములు నిలుపు చోట సైతము నీరు ఇంకునట్లు సందులు గల పరుపు వేసిరి.

ఇంత విశాలమైన ఆవరణమునకు సాధ్యమైనది రాంనగర్‌లోని 240 గజములకు సాధ్యమగునా యని అడుగవచ్చును. గాలిగోపురము సాధ్యము కాకపోవచ్చును. కాని ముంగిలి కొత్తది కాదు; మన పాత మండువా ఇండ్లలో ఉన్నదే. నీరు ఇంకు పరుపు, మిద్దెపై మొక్కలు, దిక్కు తెలిసి పెట్టిన కిటికీ - వీనికి ఎకరములు అక్కరలేదు.

అంతేగాక ఒక విషయమున రాంనగర్‌కే ఆధిక్యము కలదు. భవనము ఎంత హరితమైనదైనను, అందు పనిచేయువారు ప్రతిదినము ఇరువది కిలోమీటర్లు కారులో వచ్చిపోవుచున్నచో పొదుపు చేసిన శక్తిలో చాలభాగము త్రోవలోనే ఖర్చగును. అందుచేత స్థల ప్రణాళికలో బస్సు, రైలు, బజారు, బడి నడక దూరములో ఉండుట గొప్ప గుణముగా లెక్కింపబడుచున్నది. ఆర్టీసీ కూడలి, చిక్కడపల్లి, నారాయణగూడలలో 2020 ఫిబ్రవరి నుండి మెట్రో స్టేషనులు ఉన్నవి. చేపల మార్కెట్టు, గ్రంథాలయము, సినిమాహాళ్లు నడచిపోవు దూరముననే ఉన్నవి. నగరము వెలుపల పొలములను చదునుచేసి కొత్త కాలనీ వేయుటకంటె, ఇట్టి పాత పేటలోనే తెలివిగా కట్టుట నేలకు మేలు. ఐతే తెలివిగా కట్టవలెను. గోడకు గోడ ఆనించి, నేలనంతయు కప్పి కట్టినచో ఆ మేలు వరదపాలగును.

ఒక్క ఇంటితో తీరునా?

పైన వేసిన లెక్క రెండు సెంటీమీటర్ల వానకు సరిపోవును. 24 సెంటీమీటర్ల వాన వచ్చిన నాడు ఇంకుడు గుంతలు మొదటనే నిండును. అట్టి దినమున నీటికి దారి కావలెను, నిలుచుటకు చోటు కావలెను. దారి నాలా, చోటు కుంట. 2012 నాటి భవన నిర్మాణ నియమములు దీనికొరకే హద్దులు విధించినవి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నవైన చెరువులకు, కుంటలకు 9 మీటర్లు, పది మీటర్లకు మించిన వెడల్పు గల నాలాకు 9 మీటర్లు, అంతకు లోపలి నాలాకు 2 మీటర్లు వదలవలెనని అందు చెప్పిరి.

ఈ హద్దులను మీరినచో చివరకు నష్టపడువారు అక్కడి కుటుంబములే. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ, ఆ ఆగస్టు నెలాఖరున రాంనగర్‌లో నాలాపై కట్టిన కట్టడములను కూల్చివేసినది. కట్టినపుడు ఖర్చు, కూల్చినపుడు దుఃఖము, నడుమ సంవత్సరములలో ఎగువ వీధులకు వరద - మూడును తప్పియుండెడివి, మొదటనే నేలను చదివియుండినచో.

దీనికి మరియొక ప్రక్క కూడ కలదు. రాంనగర్‌కు దిగువన బాగ్ అంబర్‌పేటలోని బతుకమ్మకుంట మట్టితోను, చెత్తతోను పూడి, కుంట యనుటకు గుర్తు లేకుండ పోయినది. 2025లో అందలి సుమారు అయిదు ఎకరములలో పూడిక తీయగా కొద్ది లోతుననే నీరు కనబడినది. ఆ సెప్టెంబరులో దానిని ప్రజలకు తెరచిరి. పేరు మాత్రమే మిగిలిన కుంటకు మరల నీరు వచ్చినది. నేల తన పనిని మరచిపోదు. అవకాశ మిచ్చినచో మరల చేయును.

ఇల్లు కట్టువేళ

కట్టుబడి జరుగు నెలలలో కూడ నేలకు హాని కలుగును. పునాది త్రవ్వునపుడు పైనున్న జానెడు మన్ను చాల విలువైనది. మొక్కలకు ప్రాణము అందే ఉన్నది. దానిని వేరుగా కుప్పపోసి, కప్పియుంచి, పని ముగిసిన పిదప తోటకు వాడుకొనవలెను. ఇసుక, మట్టి వీధిలో పోసినచో మొదటి వానకే అవి నాలాను పూడ్చును. వీధికి కొత్త తారు వేసినప్పుడెల్ల దాని మట్టము కొంత పెరుగుచున్నది. దానికి పోటీగా ప్రతివాడును తన ఇంటి మట్టమును ఎత్తుకొని, తన నీటిని ప్రక్కవానిపైకి పంపుచున్నాడు. పాత తారును చెక్కి కొత్తది వేయుట, ఇంటి చుట్టు నేలను లోపలికి వాలుగా ఉంచి నీటిని గుంతకు మరల్చుట దీనికి మందు. పల్లపు వీధులలో భూమిలోపలి అంతస్తు కట్టకుండుట, విద్యుత్తు మీటర్లను ఎత్తున అమర్చుట ప్రాణములను కాపాడును.

పాత ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కట్టించుకొనువారు బిల్డరుతో వాటాల లెక్క మాటలాడునపుడు ఈ సంగతులు కూడ మాటలాడవలెను. ఎన్ని గజములు తెరపిగా వదలుదురు? మిద్దెనీరు ఎక్కడికి పోవును? పెరటిలోని వేపచెట్టు నిలుచునా? పాత చేదబావి ఉన్నచో దానిని పూడ్చనీయరాదు. ఎండిన బావియైనను, శుభ్రపరచి వడపోసిన మిద్దెనీటిని అందులోనికి మరల్చినచో, అది సిద్ధముగా నున్న ఇంకుడు గుంతయే.

వీనికన్నింటికి ముందు చేయవలసిన పని మాత్రము సులభమైనది. స్థలము కొన్న తరువాత ఒక మంచి వాన వచ్చువరకు ఆగవలెను. వాన కురియుచుండగా గొడుగు పట్టుకొని పోయి అరగంట అక్కడ నిలువవలెను. నీరు ఏ మూలనుండి వచ్చుచున్నది, ఎక్కడ నిలుచుచున్నది, ఏ గోడ క్రిందినుండి దారి వెదకుచున్నది కాగితముపై గీసికొని రావలెను. ఆ గీతలపైననే ఇంటి పటము గీయింపవలెను.